చచ్చిన గొర్రెకు ధర కట్టండి

జీవభద్రత మీద ప్రసంగాలు చేసే పెద్దలందరికీ ఒకటే ప్రశ్న. రేపు తెల్లారేసరికి ఉమ్మడి అనంతపురం జిల్లా ముదిగుబ్బ మండలంలో ఏదో ఒక ఊరి దొడ్డిలో మూడు గొర్రెలు పొట్టలుబ్బి చచ్చి పడి ఉన్నాయనుకోండి. ముక్కులోంచి గడ్డకట్టని నల్ల నెత్తురు కారుతోంది. ఆ సంగతి మీకు ఎన్ని గంటలకు తెలుస్తుంది? మీరు చెప్పలేరు, నేను చెబుతాను. తెలియనే తెలియదు. మీ చెవిన పడేలోపు అవి కోతకు పోయి, పోగులు పడి, నాలుగు వీధుల్లో కూరైపోయి ఉంటాయి.

నేను చెబుతున్నది దొమ్మ రోగం గురించి. మీ ఫైళ్లలో ఆంథ్రాక్స్ అని ఉంటుంది. 2001లో అమెరికాలో ఉత్తరాల కవర్లలో పొడిగా వచ్చి ఐదుగురిని చంపి, పదిహేడు మందిని మంచం ఎక్కించింది ఇదే. ఆ నెలల్లో మన దేశంలోనూ తెల్ల పొడి కనబడిన ప్రతి కవరు వెనకా పోలీసులు పరుగెత్తారు. కవరులో వస్తే ఈ క్రిమి దేశ భద్రత. గొర్రె కడుపులో వస్తే మాత్రం పశువుల ఆస్పత్రి పని, అదీ డాక్టరు పోస్టు ఖాళీగా లేకపోతే.

ఈ క్రిమి నేలలో పడితే దశాబ్దాలు చావదు. 1942లో బ్రిటిష్ సైన్యం స్కాట్లండ్ పక్కన గ్రునార్డ్ అనే చిన్న దీవికి గొర్రెలను తోలుకుపోయి కట్టేసి, వాటి మీద ఆంథ్రాక్స్ బాంబు పరీక్షించింది. గొర్రెలు చచ్చాయి. దీవి కూడా చచ్చింది. 1986లో వందల టన్నుల ఫార్మాల్డిహైడ్‌ను సముద్రపు నీళ్లలో కలిపి ఆ నేలంతా తడిపారు. ఇక భయం లేదని ప్రకటించేసరికి 1990 వచ్చింది. యుద్ధం ముగిసి నలభై అయిదేళ్లయినా ఆ గడ్డి మీద అడుగు పెట్టలేని స్థితి. వాళ్లకు మూసేసి ఊరుకోవడానికి ఒక దీవి ఉంది. మాకు ఏది మూయమంటారు? గుట్ట మూస్తే మేత లేదు, వంక మూస్తే నీళ్లు లేవు.

కరువుకూ ఈ రోగానికీ ఉన్న లంకె తెలియకుండా ఢిల్లీలో ఎవరూ దీని మీద ఒక్క వాక్యం రాయకూడదని నా అభిప్రాయం. మా అనంతపురం పీఠభూమికి ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన. అదీ ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు మొహం చాటేస్తుందో ఎవరికీ తెలియదు. చెనిక్కాయ ఎండిపోయిన ఏడు రైతుకు మిగిలేది జీవాలే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పశుగణన నాటికి కోటి డెబ్భై ఆరు లక్షల గొర్రెలున్నాయి, తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం. అందులో పెద్ద వాటా ఉమ్మడి అనంతపురానిదే. మేత ఉన్న ఏడు గొర్రె గడ్డి కొసలు మేస్తుంది. మేత లేని ఏడు మొదలంటా కొరుకుతుంది. కసువుతో పాటు మట్టీ లోపలికి పోతుంది, మోడులూ ముళ్లూ గుచ్చుకుని నోరు పుండవుతుంది. పాత కళేబరం ఎక్కడో పడి ఉన్న నేల అయితే ఇక చెప్పక్కర్లేదు. తొలకరి పడి పల్లంలో నీళ్లు చేరినప్పుడు లోపలున్నది పైకి తేలుతుంది. కరువు ముదిరి, ఆ వెంటనే వాన పడిందంటే దొమ్మకు తలుపు తెరిచినట్టే. టీకా పడితే అంతకుముందే పడాలి.

ఇక ఆ గొర్రెను కాపరి ఎందుకు కోస్తాడన్న విషయానికొద్దాం. పట్నంలో దీనికి సిద్ధంగా ఒక జవాబుంది: అవగాహన లేదు. ఈ అవగాహన అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గొర్రెలు కాచే కురబ పెద్దాయన్ని అడిగి చూడండి. ఏ జీవం చిటుక రోగంతో పడింది, ఏది నీలి నాలుకతో, ఏది దొమ్మతో పడింది, నాలుగు బారల దూరంలో నిలబడి చెబుతాడు. అతనికి తెలుసు. తెలిసే కోస్తాడు. వడ్డీకి తెచ్చి కొన్న మంద అది. పాతిపెడితే సున్నా. కోసి పోగులు వేస్తే సగానికి సగం రేటుకైనా నాలుగు రూపాయలు చేతికొస్తాయి, తోలుకు ఇంకొంత. రాత్రికి రాత్రి మూడు గొర్రెలు పోగొట్టుకున్నవాడి ముందు కరపత్రం పట్టుకుని నిలబడే ప్రభుత్వానికి సిగ్గుండాలి.

దొమ్మతో చచ్చిన గొర్రెకు కత్తి పడితే ఏమవుతుందో దగ్గర్నుంచి చూడండి. మామూలుగా నెత్తురు కాసేపటికి గడ్డకడుతుంది, ఇది కట్టదు. తారులా చిక్కగా కారుతూనే ఉంటుంది. కాళ్లు బిగుసుకుపోవాల్సిన వేళ కూడా ఒళ్లు మెత్తగానే ఉంటుంది. లోపల ప్లీహం ఉబ్బి, ముట్టుకుంటే చితికిపోతుంది. కోయకుండా వదిలేస్తే ఒంట్లో ఉన్న క్రిమి చాలా మటుకు కుళ్లుతో పాటే నశిస్తుంది. కోశామా, గాలి తగిలి విత్తనంలా గట్టి పెంకు కట్టుకుంటుంది. ఆ నెత్తురు పారిన చోటు రేపటి ఏళ్లకు రోగం నాటిన మడి. కోసినవాడి ముంజేతి మీద నాలుగైదు రోజులకు చీమ కుట్టినట్టు చిన్న పొక్కు లేస్తుంది. దురద. ఆ తర్వాత నీటి బొబ్బ, నడుమ నల్లటి పెచ్చు, చుట్టూ వాపు. నొప్పి మాత్రం ఉండదు. నొప్పి లేని పుండు కోసం కూలి మానుకుని పీహెచ్‌సీకి ఎవడు పోతాడు? పోతే పెన్సిలిన్‌కే లొంగే రోగం ఇది. పట్టించుకోకపోతే చర్మానికి వచ్చినది సైతం అయిదుగురిలో ఒకరి దాకా ప్రాణం తీస్తుంది. మాంసంతో పాటు కడుపులోకి పోయినదైతే ఇంకా చెడ్డది. విశాఖ మన్యంలో ఈ పుండ్లతో జనం ఆస్పత్రుల్లో చేరిన వార్తలు మీరూ చదివే ఉంటారు. చదివి, పేజీ తిప్పి ఉంటారు.

బీమా లేదని నేననను. ఉంది. ప్రీమియంలో ఎక్కువ వాటా ప్రభుత్వాలే కడతాయి కూడా. కానీ క్లెయిము కోసం పోయినవాడిని ఏమడుగుతారు? చెవి పోగు, ఫొటో, ఆపైన మామూలుగా పోస్టుమార్టం నివేదిక. దొమ్మ అనుమానం ఉన్న కళేబరాన్ని డాక్టరైనా సరే కోయకూడదని పశువైద్యంలో మొదటి పాఠం. అంటే రోగం పాకకుండా ఉండాలంటే కోయకూడదు, డబ్బు రావాలంటే కోసి చూపాలి! ఈ రెండు కాగితాలూ ఒకే సర్కారు గొడుగు కింద తిరుగుతున్నాయి. రాసినవాళ్లు ఎప్పుడైనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారా అని నా అనుమానం.

కోళ్ల కథ కూడా ఇంతే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ప్రభుత్వం చంపించిన కోడికి పరిహారం ఉంది, దాన్ని కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. రోగంతో తనంతట తాను చచ్చిన కోడికి లేదు. చచ్చిన కోళ్లను కాలువల్లోకి విసిరేస్తున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఎందుకు విసరరు? ఆ మరుసటి నెలలోనే పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో హెచ్5ఎన్1 సోకి కన్నుమూసింది. ఇంట్లో చేతికిచ్చిన పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని అధికారులే చెప్పారు. అది బర్డ్ ఫ్లూ అని పుణె వైరాలజీ సంస్థ తేల్చేనాటికి బిడ్డ లేదు. ఆ కోడి ఏ ఫారం నుంచి, ఏ చేతుల మీదుగా వచ్చిందో ఆరా తీసే పని ఆమె చనిపోయాకే మొదలైంది.

ఇవన్నీ పశువుల సంగతులు, భద్రతకేం సంబంధం అనేవాళ్ల కోసం స్వెర్ద్‌లోవ్‌స్క్ కథ చెబుతాను. సోవియట్ రష్యాలో ఆ ఊళ్లో ఒక సైనిక కేంద్రం ఉండేది. 1979 ఏప్రిల్ 2న అక్కడి నుంచి ఆంథ్రాక్స్ పొడి గాల్లోకి జారింది. కనీసం అరవై ఆరు మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం తిని పోయారని మాస్కో చెప్పింది, పదమూడేళ్లు అదే మాట మీద నిలబడింది. 1992లో రష్యా అధ్యక్షుడు యెల్త్‌సిన్ నోరు విప్పాక అమెరికా నుంచి శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం వెళ్లి పరిశోధించింది. చనిపోయినవాళ్లు ఆ రోజు పగలు ఎక్కడున్నారో పటం మీద చుక్కలు పెడితే, సైనిక కేంద్రం దగ్గర మొదలై ఒక సన్నని చీలికగా వచ్చాయి. ఆ చీలికను అలాగే ముందుకు పొడిగిస్తే యాభై కిలోమీటర్ల దాకా వరసగా పల్లెలు. ఆ పల్లెల్లో అదే నెలలో గొర్రెలూ ఆవులూ చచ్చాయి. ఆ రోజు గాలి వీచింది కూడా సరిగ్గా అటే. కేజీబీ ఆస్పత్రి కాగితాలు మాయం చేయగలిగింది గానీ, ఏ పల్లెలో ఎన్ని గొర్రెలు పడ్డాయో జనం నోట్లోంచి తీసేయలేకపోయింది.

అప్పుడు గొర్రెలు సాక్షులు. అవి చచ్చినట్టు ఎక్కడో ఒకచోట నమోదైంది కాబట్టే సాక్షులయ్యాయి. మన దగ్గర కూరలో కలిసిపోతే ఏ మెసెల్సన్ వచ్చి ఏం తేలుస్తాడు? రేపు నిజంగానే ఎవడో దుర్మార్గుడు ఈ దేశం మీద రోగం వదిలాడనుకుందాం. అది సహజంగా వచ్చిందా, వదిలితే వచ్చిందా అని చెప్పాలంటే, మామూలు ఏడాదిలో ఏ మండలంలో ఏ జీవాలు ఎన్ని, ఏ రోగంతో పోతాయో ముందు తెలిసి ఉండాలి. ఆ లెక్క లేకపోతే దాడి ఏదో, కరువు ఏదో విడదీయడం బ్రహ్మతరం కూడా కాదు.

అమెరికావాళ్లు లెక్క కన్నా యంత్రాలను నమ్మారు. 2003 నుంచి బయోవాచ్ అని పేరు పెట్టి, నగరాల్లో గాలిని పీల్చి క్రిములు పట్టే పెట్టెలు అమర్చారు. వంద కోట్ల డాలర్లకు పైగా పోశారు. పెట్టెలో ఏదో పట్టుబడిందన్నప్పుడల్లా తీరా చూస్తే దాడి ఏమీ లేదు. అసలు 2001 దాడిని పట్టుకున్నది ఎవరు? ఫ్లారిడాలో ల్యారీ బుష్ అనే డాక్టరు. జ్వరంతో, తెలివి తప్పి వచ్చిన ఒక పత్రికా ఉద్యోగి వెన్ను నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. పొడుగాటి కడ్డీల్లా కనబడిన క్రిములను చూసి, ఇది ఆంథ్రాక్స్ కావచ్చు అని ధైర్యంగా ఫోను చేశాడు. ఒక గాజు పలక, ఒక మనిషి, అడిగేవాళ్లున్నారన్న నమ్మకం. దొమ్మ పరీక్ష కూడా అంతే: గొర్రె చెవి కొస నుంచి ఒక చుక్క నెత్తురు, గాజు పలక మీద పలచని పూత, నీలి రంగు, సూక్ష్మదర్శిని. కళేబరాన్ని కోయక్కర్లేదు. ఇందులో వందల కోట్ల పనేమీ లేదు.

మన వాళ్ల దగ్గర పుస్తకాలకు కొదవ లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2008లోనే జీవ విపత్తుల మీద మార్గదర్శకాలు అచ్చేసింది. 2009లో జంతువుల అంటువ్యాధుల చట్టం వచ్చింది. రోగం వస్తే చెప్పాల్సిన విధి యజమాని మీద పెట్టింది, జాబితాలో ఆంథ్రాక్స్ కూడా ఉంది. మనుషులకూ పశువులకూ ఒకే ఆరోగ్యం అని నాగపూర్‌లో ఒక జాతీయ సంస్థకు 2022 డిసెంబరులో ప్రధాని శంకుస్థాపన చేశారు. సంతోషం. కానీ ఒకే ఊళ్లో రైతు సేవా కేంద్రంలో కూర్చునే పశుసంవర్ధక సహాయకుడు గొర్రె చచ్చిందని రాసుకుంటే, ఆ కాగితం ఒక దారిన జిల్లాకు పోతుంది. ఆ గొర్రెను కోసినవాడి చేతి మీద పుండు చూసిన ఆశా కార్యకర్త చెబితే, అది ఇంకో దారిన పోతుంది. ఇద్దరి ఇళ్ల నడుమ నాలుగు అంగలు. ఇద్దరి కాగితాలూ కలవాలంటే విజయవాడ దాకా పోవాలి.

టీకా సంగతీ అలాంటిదే. రోగం కనబడని ఏడు టీకా దండగ అనిపిస్తుంది, లెక్కలు చూసే అధికారికి మరీనూ. సైబీరియాలో యమాల్ అనే చోట రెయిన్‌డీర్లకు ఏటా ఆంథ్రాక్స్ టీకా వేసేవారు. దశాబ్దాలుగా రోగం లేదు కదా అని 2007లో మానేశారు. 2016 వేసవిలో ఎండలు ముదిరి నేల మంచు కరిగింది, రోగం లేచింది. రెండు వేలకు పైగా జీవాలు పోయాయి, పన్నెండేళ్ల పిల్లవాడు పోయాడు. తర్వాత సైన్యం దిగింది. అక్కడ మంచు కరగాలి. ఇక్కడ అదునుకో వాన చాలు.

ఇప్పుడు దేశాలన్నీ రోగాల మీద మాట్లాడుకునే జెనీవాకు పోదాం. జీవాయుధాల నిషేధ ఒప్పందం 1975 మార్చి 26న అమల్లోకి వచ్చి యాభై ఏళ్లు దాటింది. మాట తప్పినవాడి ఇంటికి పోయి తలుపు తట్టే అధికారం దానికి నేటికీ లేదు. తనిఖీ పద్ధతి కోసం ఏళ్ల తరబడి చర్చించి దారికి తెస్తే, 2001లో అమెరికా తన్నేసింది. కవర్ల దాడి జరిగిన ఏడాదే అది. ఆ కవర్లు పంపింది తమ సైనిక పరిశోధన కేంద్రంలోని శాస్త్రవేత్తేనని తర్వాత ఎఫ్‌బీఐయే తేల్చింది. అతను 2008లో విచారణకు ముందే ఆత్మహత్య చేసుకున్నాడు.

అదే జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు ఇంకో రకం. ప్రపంచానికి ముప్పు కాగల రోగం అని అంచనాకు వచ్చిన ఇరవై నాలుగు గంటల్లో దేశాలు చెప్పి తీరాలి. దక్షిణాఫ్రికా చెప్పింది. 2021 నవంబరులో కోవిడ్ ఒమిక్రాన్ రకాన్ని గుర్తించి దాచకుండా ప్రపంచం ముందు పెట్టింది. బహుమానంగా రెండు మూడు రోజుల్లో విమానాలు ఆపేశారు. ఆ దెబ్బ చూశాక పేద దేశాలు గట్టిగా పట్టుబట్టాయి: మేం క్రిమి నమూనా ఇస్తాం, సమాచారం ఇస్తాం, బదులుగా టీకాల్లో, మందుల్లో మాకు వాటా ఏదీ అని. 2025 మేలో ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలో కూడా ఈ పీటముడినే పక్కకు పెట్టి, అనుబంధం తర్వాత రాసుకుందామన్నారు. ఆ బల్ల దగ్గర భారత ప్రతినిధులు పేద దేశాల పక్షాన మాట్లాడతారు. మాట్లాడాలి, న్యాయమైన వాదన అది.

అయ్యా, ముదిగుబ్బ కాపరి అడుగుతున్నదీ సరిగ్గా అదే కదా! నేను నిజం చెబితే నాకేమిటి? జెనీవాలో మీరు ఏ నోటితో ఆ ప్రశ్న అడుగుతున్నారో, ఆ నోటితోనే ఇక్కడ అతన్ని అవగాహన లేనివాడంటారా? దొమ్మ వచ్చిందని చెబితే ఆ మందను సంతలోకి రానివ్వరు. పక్క ఊరి రైతు తన చేనులో మంద కట్టనివ్వడు, ఎరువు డబ్బులూ పోతాయి. పాలు, మాంసం ఎవరూ కొనరు. దక్షిణాఫ్రికాకు విమానాలు ఆగినట్టే, ఇతనికి ఊరి దారులు ఆగుతాయి. చెప్పకపోతే మూడు గొర్రెల మాంసం డబ్బులైనా దక్కుతాయి. ఈ లెక్కలో అతని తప్పెక్కడుంది?

కాబట్టి నేనడిగేది ఒక్కటే. చచ్చిన గొర్రెకు ధర కట్టండి. కోయకుండా, కదల్చకుండా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోను చేసినవాడికి ఆ గొర్రె సంత ధర మొత్తం ఆ రోజే ఇవ్వండి. చెవి కొస నెత్తురు తీసి పలక మీద చూసినప్పుడు అది దొమ్మ కాదని తేలినా సరే ఇవ్వండి. అబద్ధపు ఫోన్లు వస్తాయంటారా? రానివ్వండి. వచ్చిన ప్రతి ఫోనుతో ఒక మండలంలో ఏ రోగం తిరుగుతోందో మీకు తెలుస్తుంది, బయోవాచ్ పెట్టెలకు దక్కని సమాచారం అది. ముసలి గొర్రెను, కుంటి గొర్రెను అంటగట్టి డబ్బు గుంజేవాడూ ఉంటాడు, కాదనను. ఊరికి పది మంది అలా గుంజినా, ఒక్కసారి రోగం జారి జిల్లా ఆస్పత్రి నిండితే అయ్యే ఖర్చు ముందు అదెంత? పైగా మోసం చేస్తారన్న భయం పేదవాడికి రూపాయి ఇచ్చేటప్పుడే మీకెందుకు గుర్తొస్తుందో నాకు అంతుబట్టదు.

గొయ్యి తవ్వే పని కాపరి నెత్తిన పెట్టకండి. ఈ రాతి నేలలో నిలువు లోతు గొయ్యి తవ్వాలంటే గడ్డపారకు ఒక రోజు పడుతుంది, అతనికి మిగిలిన మందను మేపే పని ఉంది. పంచాయతీ జేసీబీ పంపాలి, ఆ చోటుకు కంచె వేయాలి, పటంలో గుర్తు పెట్టాలి. కోసినవాళ్లున్న ఇళ్లకు ఆశా కార్యకర్త వెళ్లి చేతులు చూడాలి. చుట్టుపక్కల ఊళ్ల జీవాలకు ఆ వారంలోనే టీకా పడాలి. ఇవన్నీ జరిగేది మొదటి ఫోను వస్తేనే. మొదటి ఫోను వచ్చేది డబ్బు వస్తుందంటేనే.

ధర ఎంతుండాలని కమిటీ వేయకండి. దగ్గర్లో ఉన్న ఏ గొర్రెల సంతకైనా ఒక గుమాస్తాను పంపితే పొద్దున పది కల్లా కనుక్కుని వస్తాడు. జీవో మాత్రం తొలకరికి ముందే రావాలి. డబ్బు ఏ ఖాతాలోంచి తీయాలో తెలియకపోతే, దేశ భద్రత అని రాసి ఉన్న ఖాతాలోంచే తీయండి.